వాటాకి రాని మందు

మైకు చేతికిచ్చాక ఎల్లాజీని ఆపడం ఎవరి తరమూ అయ్యేది కాదు. ఇచ్చేదాకా మాత్రం నా ప్రాణం తీసేవాడు. సభ గాజువాకలోనైనా, కూర్మన్నపాలెంలోనైనా, బస్సెక్కిన దగ్గర్నుంచీ ఒకటే గొడవ. "సిస్టరమ్మా, జనం నవ్వితే ఏటి సేసేది?" అని ఒకసారి. "మద్దిలో నాకు దగ్గొచ్చీసిందనుకో, నా మాట ఇంకెవులు నమ్ముతారు?" అని ఇంకోసారి. మల్కాపురం దాటేసరికి కడుపులో తిప్పేస్తోందని కిటికీ పక్కకి జరిగేవాడు. "సముద్రం మీద తిరిగేవాడివి, బస్సుకి తిప్పడమేంటయ్యా! నోర్మూసుకుని కూర్చో" అని కసిరేదాన్ని. నాకు ఓపిక తక్కువ, అతనికి భయం ఎక్కువ. అలాగే ఏళ్ళ తరబడి కలిసి తిరిగాం.

నా పేరు గౌరీశ్వరి. టీబీ క్లినిక్‌లో హెల్త్ విజిటర్‌గా పనిచేశాను. జబ్బుపడ్డవాళ్ళ ఇళ్ళకి వెళ్ళడం, మందు మింగుతున్నారో లేదో చూడడం, మింగకపోతే తిట్టి రావడం, ఇదే నా ఉద్యోగం. తిట్లలో నాకు మంచి పేరుండేది. ఎల్లాజీ జాలారిపేట మనిషి. చేపల వేట తప్ప ఇంకో పని ఎరగడు. అతని గురించి ఏ పేపరూ రాయలేదు. నేను కూడా రాయకపోతే ఇంకెవరూ రాయరని తెలిసి రాస్తున్నాను.

డెబ్బై అయిదులో అతని అక్క పోతమ్మ అతన్ని మా దగ్గరికి నడిపించుకొచ్చింది. చొక్కా లోపల మనిషి ఉన్నాడా లేడా అన్నట్టున్నాడు. దగ్గితే నెత్తురు. అప్పట్లో వైద్యం ఏడాదిన్నర పట్టేది. సూదులు, మాత్రలు. రెండు నెలలకే దగ్గు తగ్గేది, ఇంకేముంది, బాగుపడిపోయామనుకుని అందరూ మానేసేవాళ్ళు. మళ్ళీ వచ్చేసరికి మా చేతుల్లో ఏమీ ఉండేది కాదు. ఎల్లాజీ ఒక్క పూట కూడా మానలేదు. ఎందుకు మానలేదని తర్వాత అడిగితే సిగ్గుపడుతూ చెప్పాడు: "నాకు దైర్నం నేదమ్మా. మానెయ్యాలంటే దైర్నం ఉండాల గదా. బయానికే బతికినాను."

ఆ మాట విన్నాకే ఇతనితో మాట్లాడించాలని నాకు బుద్ధి పుట్టింది. ఉక్కు ఫ్యాక్టరీ పనులకి ఊళ్ళకి ఊళ్ళు కూలికి దిగిన రోజులవి. రేకుల షెడ్లలో పది మందికి ఒక కిటికీ. మా డాక్టరు రమణమూర్తిగారు వెళ్ళి చెబితే జనం మర్యాదగా వినేవారు, మర్యాదగా కునికిపాట్లు పడేవారు. ఒకరోజు కూర్మన్నపాలెంలో ఎల్లాజీని వీపు మీద చెయ్యేసి స్టేజీ మీదికి తోశాను. గట్టిగా గుండె మీద ఒక గుద్దు గుద్దుకున్నాడు. "ఇనబడిందా? ఇది కాళీ డబ్బా అయిపోనాదని డాట్రుగారే అన్నారు. సూడండి, ఎలా మోగుతందో!" అన్నాడు. కునికిపాట్లు పడేవాళ్ళంతా లేచి కూర్చున్నారు.

ఇక అంతే. గుండె మీద గుద్దుకోనిదే అతని ఉపన్యాసం మొదలయ్యేది కాదు. దగ్గు దాచొద్దనేవాడు, సారా మానమనేవాడు, గుడిసెకి ఒక కంత అయినా పెట్టుకోమనేవాడు. ఆడపిల్లల్ని బడికి పంపమనేవాడు. "మాత్ర మీద పేరు నాకు సదవడం రాదు, మా పాపకి వచ్చు. ఆ పాపే నా కంపోండరు" అంటే ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వేవారు. సభ అయ్యాక నలుగురైనా వచ్చి, తమకూ దగ్గుందని నా చెవిలో చెప్పేవారు. చదువుకున్నదాన్ని, ఇంటింటికీ తిరిగి గొంతు చించుకున్నా రానివాళ్ళు అతని వెనకాల వచ్చేవారు. కుళ్ళుకోలేదని చెప్పను.

ఎనభై నాలుగులో సొంత పేటలోనే సభ పెట్టాం. ఆ రోజు ఎల్లాజీ భయం చూడాలి! పరాయివాళ్ళ ముందైతే ఫరవాలేదు, తనవాళ్ళ ముందు ఎలాగని పొద్దున్నుంచీ మంచినీళ్ళు కూడా ముట్టలేదు. కానీ ఎక్కాక ఎంత బాగా మాట్లాడాడో! "ఒకడు దగ్గితే పడవంతా దగ్గుద్ది! ఒక పడవోళ్ళం ఒక్క గాలే పీలుస్తాం. నీ దగ్గు నీ ఒక్కడిదీ కాదురా బాబూ, ఆ మాట మరిసిపోకండి!" అని కేకేస్తే ఇసుక మీద కూర్చున్న జనం ఈలలు వేశారు. నేను కూడా చప్పట్లు కొట్టాను.

మర్నాడే పోతమ్మ మొగుడు కన్నబాబు తనంతట తానే క్లినిక్‌కి వచ్చాడు. పడవ అతనిదే. అతనితో పాటు ఇంకో నలుగురు వేటకి వెళ్ళేవారు, ఎల్లాజీది వేరే పడవ. దగ్గు చాలా రోజులుగా దాస్తున్నాడట. కళ్ళె పరీక్ష చేస్తే టీబీ అని తేలింది. అప్పుడే కొత్త మందు వచ్చింది. ఎర్రటి గొట్టం మాత్రలు. మింగితే ఒంటేలు కూడా ఎర్రగా పోతుంది, అది జబ్బు కాదు, మందు రంగు. ఏడాదిన్నర అక్కర్లేదు, కొన్ని నెలల్లోనే నయం. రోజూ పొద్దున్నే పరగడుపున మింగాలని, ఒక్క రోజు తప్పినా ఊరుకోనని కన్నబాబుకి మరీ మరీ చెప్పాను. ఎల్లాజీ ఆనందం పట్టలేకపోయాడు. "గాజువాకలో పెద్ద మీటింగుంది గదమ్మా, అప్పటికి మా బావ గట్టిపడిపోతాడు. స్టేజీ ఎక్కించి సూపించీద్దుం" అన్నాడు. కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకున్నాడు కూడా.

కన్నబాబు గట్టిపడలేదు. మొదట కాస్త తేరుకున్నట్టే అనిపించి, మళ్ళీ జారిపోవడం మొదలుపెట్టాడు. సాయంత్రమయ్యేసరికి జ్వరం. తెడ్డు వేస్తే ఆయాసం. ఒకనాడు గుడ్డలో నెత్తురు పడింది. నేను వెళ్ళి నిలదీస్తే గంగమ్మ తల్లి మీద ఒట్టేశాడు, మందు ఏ రోజూ మిగల్లేదని. నిజమే, పొట్లం ఖాళీ. ఒంటేలు ఎర్రగా పోతోందా అంటే పోతోందన్నాడు. మరేం రోగం? రమణమూర్తిగారు ఎక్స్‌రే చూసి తలపట్టుకున్నారు. ఈ మందు పట్టకపోతే మా దగ్గర ఇంతకన్నా గట్టి మందు లేదన్నారు.

ఎల్లాజీకి నిద్ర పోయింది, తిండి పోయింది. పొద్దున్నే వేట నుంచి రావడం, చేపల కంపుతోనే మా క్లినిక్ మెట్ల మీద కూర్చోవడం. "నా మాట ఇనే వచ్చినాడమ్మా మా బావ. ఆడికేటైనా అయితే మా అప్ప పోతమ్మ మొకం ఎలా సూడ్డం? నాను స్టేజీల మీద గుండెలు బాదుకుంతన్నాను, నా ఇంట్లోనే మందు పన్చెయ్యనేదు. నానేటి అబద్దాలు సెప్తన్నానేటి?" నాకూ గుండెలో రాయి పడింది. కానీ అతని ముందు బయటపడితే ఇద్దరం కలిసి ఏడవాల్సి వస్తుందని, "పోయి మొహం కడుక్కో" అని తిట్టి పంపించేదాన్ని.

గాజువాక మీటింగు రోజు రానే వచ్చింది. రానని మొండికేస్తాడని నాకు తెలుసు. అందుకే పొద్దున్నే నేనే జాలారిపేట వెళ్ళాను. పడవలు ఒడ్డుకి వస్తున్నాయి. ఎల్లాజీ ఇసుక మీద కూర్చుని బావ పడవ కోసం చూస్తున్నాడు. పడవ వచ్చింది. వలలో కవ్వళ్ళు, కాసిని కానాగంత చేపలు పడ్డాయి. వాటాలు వేయడానికి ఇసుక మీద చేపలు కుప్ప పోశారు. కన్నబాబు పక్కనే వంగి దగ్గుతున్నాడు. ఆ పడవకి కొత్తగా కుదిరిన గవర్రాజు అనే కుర్రమనిషి నా దగ్గరికొచ్చి తచ్చాడుతున్నాడు.

"ఏటయ్యా?" అన్నాను.

"ఏటీ నేదు సిస్టరమ్మా." తల వంచుకున్నాడు. "మూడ్రోజుల కాడ... ఒంటేలు ఎర్రగా పోయింది. నెత్తురేటో అని బయిమేస్తంది."

"నువ్వెందుకు ఎర్రగా పోస్తున్నావు? నీకు టీబీ లేదు కదా. మందేమైనా తిన్నావా?"

"తిన్నాను. ఆ రోజు నా వంతు గదా."

నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. వంతేమిటని గుచ్చి అడిగితే చెప్పాడు. వేట మధ్యలో అందరూ కలిసి చద్దన్నం తినేటప్పుడు కన్నబాబు పొట్లం విప్పేవాడట. ఒకరోజు తను, మర్నాడు ఇంకొకడు, ఆ మర్నాడు మరొకడు. పొట్లం సరిగ్గా లెక్క ప్రకారమే ఖాళీ అయ్యేది. మందు ఇంకెవరికీ పంచొద్దని మందుతో పాటు ఎవరు చెబుతారండీ? ముద్ద చెవిలో కాకుండా నోట్లో పెట్టుకోమని చెబుతామా?

"బుద్ధుందా నీకు!" అని కన్నబాబు మీద ఇంతెత్తున లేచాను. అతను కోపం తెచ్చుకోలేదు. నా వైపు కాదు, ఎల్లాజీ వైపు చూసి అన్నాడు.

"నువ్వేగదా బావా సెప్పినావు, ఒకడు దగ్గితే పడవంతా దగ్గుద్దని. పడవంతటికీ అంటుకునే జబ్బుకి నానొక్కణ్ణీ మందు ఎలా తింతాను? పడవలోకి వచ్చింది ఏదైనా వాటాయే గదా. ఈలందరూ సూత్తండగా నా ఒక్కడి గొంతులోకి అది దిగుద్దా?"

మిగతావాళ్ళు అవునన్నట్టు తలూపారు. వాళ్ళ లెక్కలో కన్నబాబు చాలా గొప్ప పని చేశాడు.

ఎల్లాజీ ఉన్నచోటే ఉండిపోయాడు. "నా నోరే" అన్నాడు. "ఓలమ్మో, నా నోరే సేసింది." అరుస్తాడనుకున్నాను, ఏడుస్తాడనుకున్నాను. అతను లేచి కన్నబాబు నడుముకి కట్టుకున్న పొట్లం విప్పి తీసుకున్నాడు. వాటాలు వేసేముందు గంగమ్మ తల్లి పేరున ఒక దోసెడు చేపలు విడిగా పెడతారు. ఇంట్లో పొయ్యి వెలగకపోయినా సరే ఆ దోసెడు ఎవరూ ముట్టరు. ఎల్లాజీ ఆ పొట్లం తీసుకెళ్ళి ఆ చేపల పక్కన పెట్టాడు.

"ఇది వాటాకి రాదు. ఇది అమ్మోరిది. ఆయమ్మ మా బావకిచ్చింది. మా అప్ప దీన్ని అమ్మోరి పటం కాడ ఎడతాది, పొద్దున్నే ఆడికి మింగిత్తాది. ఇందులో సెయ్యెట్టినోడు అమ్మోరి వాటాలో సెయ్యెట్టినట్టే."

గవర్రాజు రెండడుగులు వెనక్కి వేశాడు. నేను అరగంట తిట్టినా జరగని పని అది. ఆ నలుగుర్నీ ఆ రోజే క్లినిక్‌కి తోలుకెళ్ళి పరీక్షలు చేయించాను. ఒక్కడికీ జబ్బు లేదు. జబ్బు లేనివాళ్ళు మందు తిన్నారు, జబ్బున్నవాడు పస్తున్నాడు. రమణమూర్తిగారు మాత్రం, "అరకొరగా తింటే పురుగు ఆ మందుకి అలవాటు పడిపోతుందమ్మా. మళ్ళీ మొదలుపెడదాం. సూదులు కూడా వేద్దాం. పట్టొచ్చు, పట్టకపోవచ్చు" అన్నారు.

సాయంత్రం బస్సులో ఎల్లాజీ ఏమీ మాట్లాడలేదు. జనం నవ్వితే ఏంటని అడగలేదు, కడుపులో తిప్పుతోందనలేదు. ఆ మౌనానికి నాకు భయమేసింది. గాజువాకలో స్టేజీ ఎక్కి గుండె మీద గుద్దుకోలేదు. "మా బావని తెత్తానన్నాను, తేనేదు. ఎందుకు తేనేదో సెప్తాను" అని జరిగిందంతా చెప్పాడు. చెప్పి, మైకు దింపి, ముందు వరసలో కూర్చున్న ఒకామెని లేపాడు. సీతాలు అని, కాంక్రీటు మోసే కూలి. "అమ్మా, నానిప్పుడు సెప్పింది నీకేటి అర్దమయిందో నువ్వు సెప్పు" అన్నాడు.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మందు ఎవులికీ ఎట్టకూడదు. దగ్గు తగ్గీవరకూ నానే మింగాల" అంది.

"దగ్గు తగ్గినాక?"

"ఇంకెందుకు బాబూ?"

"అదిగో! సూసినారా సిస్టరమ్మా!" అని ఎల్లాజీ స్టేజీ అంచున కూలబడ్డాడు. ఆమెకి మళ్ళీ చెప్పాడు. పక్కామెనీ అడిగాడు. షామియానా వాళ్ళు గుంజలు పీకుతున్నా వదల్లేదు. అప్పట్నుంచీ అతని ఉపన్యాసాలు సగమే ఉపన్యాసాలు. మిగతా సగం జనం చేత చెప్పించుకోవడమే. అది చాలక, వారం పోయాక మళ్ళీ ఆ బస్తీకి వెళ్ళి అడిగేవాడు. ఈలలు తగ్గిపోయాయి. కొందరు విసుక్కున్నారు కూడా.

కన్నబాబు వైద్యం మళ్ళీ మొదలైంది. కళ్ళె పరీక్ష చేసినప్పుడల్లా ఎల్లాజీ లోపలికి వచ్చేవాడు కాదు. "మాట సెప్పొద్దమ్మా, కిటికీలోంచి మొకం సూపించు సాలు" అనేవాడు. ఎన్నిసార్లు నా మొహం చూసి తిరిగి వెళ్ళిపోయాడో! చివరికి ఒకరోజు పురుగు లేదని వచ్చింది. నేను కిటికీ దగ్గరికి వెళ్ళి నవ్వుదామనుకున్నాను, ఏడుపొచ్చింది. పాపం, అతను తప్పుగా అర్థం చేసుకుని అక్కడే నేల మీద పడిపోయాడు. మేం పరుగెత్తుకెళ్ళి నీళ్ళు చల్లి చెప్పాల్సొచ్చింది.

కన్నబాబు బతికాడు. కానీ ఎడమ ఊపిరితిత్తి పనికిరాకుండా పోయింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. మళ్ళీ సముద్రం మీదికి వెళ్ళలేదు. వాళ్ళ కట్టుబాటు ప్రకారం వేటకి రానివాడికి మనిషి వాటా లేదు, పడవ తనది కాబట్టి పడవ వాటా ఒక్కటే. అయినా పడవ వచ్చిన ప్రతిరోజూ గవర్రాజు ఆ మనిషి వాటా కూడా తెచ్చి పోతమ్మ గుమ్మంలో పెట్టేవాడు. కన్నబాబు మొదటి రోజే వద్దన్నాడట. గవర్రాజు బుట్ట దింపి, "నీ మందు మేం తిన్నాం గదా బావా. మా సేపలు నువ్వు తిను" అన్నాడట. ఏళ్ళు గడిచినా ఆ వాటా ఆగలేదు.

ఇంత మంచి సంగతి ఎల్లాజీ ఏ సభలోనూ చెప్పేవాడు కాదు. ఒకసారి బస్సులో అడిగాను. "బావ కథంతా చెబుతావు, ఈ చివరి ముక్క ఎందుకు చెప్పవు? జనం కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు కదా."

అతను కిటికీ పక్కకి జరిగి, కడుపు పట్టుకుని అన్నాడు: "సెప్తే, మందు పంచితే సేపలొస్తాయని అర్దం సేసుకుని ఎల్లిపోతారమ్మా."

నేను పకపకా నవ్వాను. అతను నవ్వలేదు.