కొలంబులో పరిచిన కంబళి

సముద్రం అవతలి కండిసీమకు అమ్మవారిని మోసుకుపోయి వచ్చానని మా ఊళ్ళో ఇప్పటికీ నాకు మొదటి తాంబూలం ఇస్తారు. తీసుకున్న ప్రతిసారీ నోరు చేదవుతుంది. ఆ ప్రయాణంలో సగం భక్తి అయితే సగం పగ. పెద్ద సగం ఏదో నాకు తెలుసు. ఒళ్ళు ఉడిగిన ఈ వయసులో ఇంక దాచేదేముంది?

కాపి తోటల్లో పనికని సముద్రం దాటిన మా వాళ్ళు అక్కడ ఏళ్ళ తరబడి కులానికి దూరమై బతుకుతున్నారు. మా మదుర సీమ తెలుగు పల్లెల్లో తీర్పు గాని పెళ్ళి గాని నల్ల కంబళి పరిస్తేనే చెల్లుతుంది. కంబళి మీద ఇత్తడి చెంబుతో నీళ్ళు పెట్టి, వేపాకు వేసి, దాన్నే అమ్మవారని మొక్కుతాం. కులం తప్పినవాడు దాని ముందు నిలబడి తన తప్పు పైకి చెప్పి, ఆ నీళ్ళు తాగితే మళ్ళీ మావాడు. తోటల్లో కంబళి పరిచే అర్హత ఎవరికీ లేదు. అందుకని పెద్దలు, అమ్మవారు వెంట ఉంటే సముద్రం దాటినా మైల అంటదని, ఆరుగురిని పంపారు. పూజ తెలిసినవాణ్ణని నన్ను ముందు పెట్టారు.

మా నాయన సంగతి చెప్పకపోతే తక్కినది అర్థం కాదు. పేదిరోగం, అదే కలరా, వచ్చిన ఏడు, పక్కింటి వేరే కులం మనిషి చనిపోతే మోయడానికి ఎవరూ రాలేదు. మా నాయన మోశాడు. అప్పటి మా ఊరి నాయకుడు, తెల్లగుర్రం మీద తిరిగే మనిషి, కంబళి పరిచి మా ఇంటికి నిప్పూ నీళ్ళూ లేవన్నాడు. తప్పని ఒప్పుకుంటే వదిలేస్తానన్నాడు కూడా. మా నాయన ఒప్పుకోలేదు. మూడేళ్ళు వాగులో చెలమ తీసుకుని ఆ నీళ్ళే తాగాం. నాయన పోయినప్పుడు పాడె ముందు కొస నేను పట్టాను, వెనక కొస మా అమ్మ పట్టింది. మా అమ్మ చీర కొంగు ముళ్ళకు పట్టుకుంటే విడిపించడానికి కూడా ఎవరూ రాలేదు. తప్పు చేసినవాడు పోయాడు గదా అని ఆ తరవాత మమ్మల్ని కులంలో కలుపుకున్నారు. నేను మాత్రం ఆ నాయకుణ్ణి మరిచిపోలేదు.

కుంఫిణీ దొరలు అతని అధికారం తీసేశారని, తలెత్తుకోలేక ఎటో వెళ్ళిపోయాడని విన్నాను. ఎటో కాదు, మాతలెలో కనబడ్డాడు. మన్నారులో పడవ దిగి, అడవిబాటన నడిచి మేము మొదట చేరిన పెద్ద ఊరు అది. తోటలో కంగాణి దగ్గర, అంటే కూలీల మేస్త్రీ దగ్గర, వంట చేస్తున్నాడట. కాళ్ళు వాచి, చూపు మందగించి, నా ముందు నిలబడి దండం పెట్టాడు. చూడగానే నేను గుర్తుపట్టాను. అతను నన్ను గుర్తుపట్టలేదు.

"సామీ, ఈడ సచ్చినోళ్ళను గుంటలో పారేసి పోతారు. నాకు మనోళ్ళు నలుగురు మోసేదానికి కావాల. ఒక్క తూరి కంబళి పరిచి నన్ను కలుపుకోండి, రొంబ పుణ్ణెం" అన్నాడు.

నా గుండెలో ఎంత హాయి పుట్టిందో చెప్పలేను. అడగాల్సింది సరిగ్గా అదే అడిగాడు. "మీ నక్షత్రానికి ఈ ఊళ్ళో మంచి రోజు లేదు పెద్దాయనా, కండికి రండి" అన్నాను. నోటితో పెద్దాయనా అన్నాను గాని మనసులో వాణ్ణి ఏమన్నానో ఇక్కడ రాయను.

తోటలోని మిగతావాళ్ళను అక్కడే కలిపేశాను. వాణ్ణి తప్ప. కులం తప్పినవాడు కంబళి ఉన్న బండి ఎక్కకూడదు. మేము ఎడ్లబండిలో, వాడు వెనక నడుస్తూ. కండిలో వాన. తడిసిన కంబళి పరచరాదని కొలంబుకు రమ్మన్నాను. నిజానికి కంబళి చాపచుట్టలో పొడిగా ఉంది. మా ఆరుగురిలో ఉరుమి డోలు వాయించే మామ దాన్ని చేత్తో తడిమి చూసి నా మొహంలోకి చూశాడు.

"ఏంరా, ఎండి సొంటిలాగుండాదే! ముసలోణ్ణి ఏలరా నడిపిస్తావు?"

"నీ ఉరుమి నువ్వు చూసుకో మామా" అన్నాను. ఆయన ఊరు పెరియకుళం, మా ఇంటి కథ ఆయనకు తెలియదు.

కండి కనుమ దిగుతుంటే దారంతా జలగలు. బండి వెనక తెర ఎత్తి చూసేవాణ్ణి. వాడు కూర్చుని కాళ్ళకున్న జలగలు పీకి, లేచి, మళ్ళీ నడిచేవాడు. ఒకసారి పడ్డాడు కూడా. బండి ఆపమని మామ అరిచాడు. నేను ఆపనివ్వలేదు. సంతోషమా అంటే సంతోషమే, అబద్ధం ఎందుకు?

మేము కొలంబు చేరిన రెండు రోజులకు వాడు వచ్చాడు. రేవు దగ్గర ఒక సరుకుల కొట్టు వసారాలో కంబళి పరిచాను. మా వాళ్ళు ఇరవై మంది దాకా చేరారు. ఇక్కడే వాడి నోట మా నాయన మాట చెప్పించాలి, అందరి ముందూ కుమిలి ఏడిపించాలి. దారి పొడుగునా నేను ఆలోచించింది అదే.

వాడు సముద్రం దాటానన్నాడు, కనబడ్డవాళ్ళ చేతి కూడు తిన్నానన్నాడు. అంతటితో ఆపాడు.

"ఊళ్ళో నాయకుడిగా ఉన్నప్పుడు ఏ తప్పూ చెయ్యలేదా?" అన్నాను. "పేదిరోగం ఏడు, శవాన్ని మోసినాడని ఒకాయన్ని వెలి వెయ్యలేదా?"

వాడు వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. "రొంబ మందిని ఏసినాను సామీ. యారో, నెనవు లేదే."

"ఆయన మా నాయన."

వాడు చేయి అడ్డం పెట్టుకుని నా మొహం చూశాడు. భయం లేదు, సిగ్గూ లేదు. "అయ్యుండొచ్చు నాయనా. అది తప్పే. తీర్థం పొయ్యి" అని దోసిలి పట్టాడు.

మా ఇంటిని మూడేళ్ళు కాల్చినవాడికి మేము గుర్తే లేము! తప్పని మాత్రం అన్నాడు. ఆ మాట పడ్డాక కంబళి పరిచినవాడు నీళ్ళు పొయ్యక తప్పదు. అందరూ చూస్తున్నారు. పోశాను. గుటగుటా తాగి, తడిచేతులు తలకు రాసుకుని, "సల్లగుండు" అని నన్ను దీవించాడు.

నాలుగో రోజు చనిపోయాడు. నేను నడిపించినందుకే పోయాడని మామ అన్నాడు. కాదని నేను అనలేదు. నీళ్ళు పోసినవాడే మొదటి భుజం పట్టాలని మా కట్టుబాటు. మామ ఉరుమి వాయిస్తుండగా, అడుగడుగునా వాణ్ణి తిట్టుకుంటూ, పాడె ముందు కొస ఎత్తుకున్నాను. వాడు కోరిన నలుగురూ వాడికి దొరికారు. అందులో ఒకణ్ణి నేను.