రాజమణి పరామర్శలు

ఉప్పుగూడ స్టేషను వెనక గల్లీలో రాజమణి పాలకు మంచి పేరుండేది. ఆమె, ఆమె భర్త దుర్గయ్య బర్రెలను సాకేవారు. పితకడం దుర్గయ్య పని, ఇంటింటికీ పోసి రావడం రాజమణి పని. నీళ్లు కలపదని అందరి నమ్మకం. పైగా మాటకారి. ఆమె ఏ గడప ముందు నిలబడినా అక్కడ కాసేపు నవ్వులు వినపడేవి.

ఎనభయ్యో దశకం మొదట్లో ఒక ఎండాకాలం, పక్క బస్తీలో పెళ్లి భోజనం చేసినవాళ్లు వాంతులు చేసుకున్నారు. పాయసంలో బల్లి పడిందన్నారు. గల్లీ కొన్నాళ్లు మాట్లాడుకుని మరిచిపోయింది. రాజమణి మరిచిపోలేకపోయింది. పాలక్యాను మూత పెడుతుంటే, ఇందులో కూడా ఏదైనా పడిందేమో అనిపించింది. వడగట్టింది. ఏమీ లేదు. బట్టను సరిగ్గా చూశానా అనుకుని మళ్లీ వడగట్టింది. ఆనాటి నుంచి పాలు కొట్టం దాటేసరికి బడిగంట మోగేది. చాయ్ లేకుండా ఆఫీసుకు పోవలసి వచ్చిన మగవాళ్లు లొల్లి మొదలుపెట్టారు.

అంతటితో ఆగినా బాగుండేది. పాలు పోసి వచ్చాక అసలు బాధ మొదలయ్యేది. తాగినవాళ్లు ఎలా ఉన్నారో? పసిపిల్లలకు ఏమైనా అయిందేమో? ఉండబట్టలేక కొంగు బిగించి, పొద్దున పాలు పోసిన ఇళ్లకే మళ్లీ బయలుదేరేది.

వాటిలో ఒకటి బాబురావుది. ఆయన స్టేషనులో టికెట్లిచ్చే క్లర్కు, ఒంటరి మనిషి. ఒక బూడిదరంగు పిల్లి తప్ప ఇంట్లో ఎవరూ లేరు.

“సారూ, పాలు తాగిన్రా?”

“తాగిన, రాజమణీ.”

“పానం మంచిగనే ఉన్నదా?”

“మస్తుగున్నది.”

“కడుపుల ఏం తిప్పుతలేదు గద?”

బాబురావు మొదట మురిసిపోయాడు. సొంత అక్క కూడా తనను ఇలా అడగలేదని స్టేషనంతా చెప్పాడు. కొన్నాళ్లకు ఆ మురిపెం కాస్తా భయమైంది. రోజూ ఇంతగా అడుగుతోందంటే పాలలో ఏదో ఉండే ఉంటుంది! అందుకని ముందు పిల్లికి పోసి, అది బాగుంటే తాను తాగడం మొదలుపెట్టాడు. ఒకరోజు పిల్లి గిన్నె నాకి, మీసాలు తుడుచుకుని, గోడ దూకి తన పని మీద వెళ్లింది. ఎంతకీ తిరిగి రాలేదు. బాబురావు పొట్ట పట్టుకుని కొట్టానికి పరుగెత్తుకొచ్చాడు.

“దుర్గయ్యా, నీ పాలు తాగి నా పిల్లి మాయమైంది. నేను గూడ సగం గ్లాసు తాగిన. ఏం కలిపిన్రో జల్ది చెప్పు, డాక్టరుకు చెప్పాలె!”

దుర్గయ్య నోరు తెరిచేలోపే రాజమణి వీధిలో ఉంది. పట్టాల వెంట, ప్రతి గోడ పక్కన, “పిస్, పిస్” అంటూ వెతికింది. చివరికి స్టేషనులోనే పార్సిలు గదిలో గోనెసంచుల మీద పొట్ట పైకి పెట్టి పడుకున్న పిల్లి కనిపించింది. దాన్ని లేపి, రెండు చేతులూ రక్కించుకుంటూ తెచ్చింది. అప్పటికి బాబురావు డ్యూటీ ఎక్కి, టికెట్ కిటికీ వెనక నీరసంగా కూర్చున్నాడు. రాజమణి లైను తోసుకుంటూ పోయి పిల్లిని కిటికీ ముందు పెట్టింది.

“సారూ, బతికే ఉన్నది! చూడుండ్రి!”

“నీ పిల్లికి టికెట్ తర్వాత తీస్కో అమ్మా, మా బండి పోతది,” అన్నాడు వెనక మనిషి.

లైనంతా నవ్వింది. రాజమణి కూడా నవ్వింది. ఇంటికొచ్చి మాత్రం ఏడ్చింది. ఎందుకంటే ఇల్లు చేరకముందే, అది అసలు ఆ పిల్లేనా అన్న అనుమానం వచ్చింది.

దుర్గయ్య ఆమెను చార్మినార్ దగ్గర తాయెత్తులు కట్టే మనిషి దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన ఏవో మూలికలు నూరి, రేకులో చుట్టి, మోచేతి పైన కట్టాడు. తాయెత్తు ఊడి పాలలో పడితే ఎలా అన్న కొత్త ఫికర్‌తో రాజమణి తిరిగొచ్చింది. దాన్ని చూసుకోవడంతోనే సగం పొద్దు గడిచిపోయేది. చివరికి దుర్గయ్యే దాన్ని కోసి పారేశాడు.

దారి చూపింది లీలమ్మ. ఆమె సర్కారు దవాఖానాలో ఆయా, రాజమణి దగ్గరే పాలు పోయించుకునేది. పరామర్శకు వచ్చిన రాజమణి గడప దిగి, మళ్లీ ఎక్కి, “నిజంగనే మంచిగున్నవా అక్కా?” అనడం ఆమె గమనించింది.

“నిన్ను నువ్వు సంపుకుంటున్నవు, బిడ్డా. మా ఓపీకి ఒకామె వస్తుండె. చెయ్యి కడిగిందే కడుగుడు. సార్ మందిచ్చిండు, ఇప్పుడు మంచిగైంది. నడువు, చూపిస్త.”

“పిచ్చోళ్ల డాక్టరా?” అంది రాజమణి.

“ఆయన పిచ్చోడు కాదులే, మంచోడే,” అంది లీలమ్మ.

డాక్టరు పేరు ఇస్సాకు. ఆయన అడ్డు రాకుండా అంతా విన్నాడు. పిల్లి సంగతి దగ్గర మాత్రం కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“ఎవరికీ ఏం కాదని మీరొక్క మాట చెప్పుండ్రి సార్. నాకదే చాలు,” అంది రాజమణి.

“చెప్తే ఎంతసేపు నిమ్మళంగ ఉంటవు?”

రాజమణి నిజాయితీగా ఆలోచించింది. “గేటు దాకా.”

“అందుకే చెప్పను. ఇది నీ తప్పు కాదమ్మా, ఇదొక జబ్బు. అనుమానం అందరికీ వస్తది, పోతది. నీకు వచ్చింది పోతలేదు. నువ్వు అడిగినప్పుడల్లా దానికి మేత వేసినట్టు. తింటది, పడుకుంటది, లేచి మళ్లీ అరుస్తది. మేత ఆపాలె.”

మాత్రలు రాశాడు. నోరు ఎండుతుందనీ, గుణం కనపడడానికి వారాలు పడుతుందనీ, మధ్యలో మానొద్దనీ చెప్పాడు. పాలు ఒక్కసారే వడగట్టాలి. పోసిన ఇంటికి మళ్లీ పోకూడదు. ఆమె అడిగినా ఎవరూ ధైర్యం చెప్పకూడదు. “తిట్టొద్దు, నవ్వొద్దు. ‘ఏమో’ అనుండ్రి, అంతే,” అని దుర్గయ్యకు నేర్పాడు.

దుర్గయ్య గల్లీ అంతా తిరిగి పాఠం అప్పజెప్పాడు. తాను మరీ గట్టిగా పట్టుకున్నాడు.

“ఏమయ్యా, బర్రెకు కుడితి పెట్టినవా?”

“ఏమో.”

“గిదానికి గూడ ఏమోనేనా!”

బాబురావు కూడా తనకు చేతనైనంత సాయం చేశాడు. పొద్దున పాలు పోస్తున్న రాజమణి కళ్లలో ప్రశ్న చూసి, “బతికే ఉన్ననేమో, రాజమణీ, నాకు గూడ డౌటే,” అన్నాడు.

చూసేవాళ్లకు తమాషా. ఆమెకు మాత్రం నరకం. పాలు పోసి వచ్చి నులకమంచం పట్టె పట్టుకుని కూర్చునేది. గుండె దడదడలాడేది, అరచేతులు చెమటలు పట్టేవి. లేచి గల్లీ మూల దాకా పోయి, పళ్లు బిగబట్టి వెనక్కి వచ్చేది. కొన్నిరోజులు ఓడిపోయి ఎవరి తలుపో తట్టేది. కానీ ఒకనాడు పేడ ఎత్తుతూ ఉండగా, భయం తనంతట తానే దిగిపోయిందని గమనించింది. ఎవర్నీ అడగలేదు, అయినా దిగింది. అది ఆమెకు వింతగా తోచింది.

ఇస్సాకు డాక్టరు తర్వాతి మెట్టు ఎక్కించాడు. ఆమె చేత పాలు తెప్పించుకుని, ఎదుటే గ్లాసెడు తాగి, “ఇంక పో. వచ్చే వారం రా,” అన్నాడు. రాజమణి వెనక్కి చూడకుండా వెళ్లింది. వారం తర్వాత వస్తే డాక్టరు కుర్చీ ఖాళీగా ఉంది.

లీలమ్మ దగ్గరికి పరుగెత్తింది.

“సార్ ఏడీ?”

లీలమ్మకు తెలుసు. డాక్టరు తన తమ్ముడి పెళ్లికి పోయాడు. కానీ ఆయన చెప్పిన పాఠం ఆయనకూ వర్తిస్తుంది కదా. చీపురు పట్టుకుని, గోడ వైపు తిరిగి, “ఏమో,” అంది.

రాజమణి బెంచీ మీద కూలబడింది. డాక్టరు ఇల్లెక్కడో ఎవర్నడిగినా చెబుతారు. పోయి కిటికీలోంచి ఒక్కసారి చూసి వస్తే చాలు. లేచింది, కూర్చుంది, మళ్లీ లేచింది. చివరికి, “పాలు పిండే యాళ్లయింది,” అని తనకు తానే గట్టిగా చెప్పుకుని బస్సెక్కింది. ఆ సాయంత్రం కూడా పాలు ఒక్కసారే వడగట్టి, వేళకే పోసింది. దారంతా ఏడుస్తూనే పోసింది.

మళ్లీ వెళ్లేసరికి డాక్టరు కుర్చీలో ఉన్నాడు, కాస్త లావైనట్టు కూడా ఉన్నాడు.

“ఎక్కడికి పోయిన్రని అడగవా?”

“అడగ సార్,” అంది రాజమణి. గొంతు నిలకడగానే ఉంది. “మందు చీటీ రాయుండ్రి.”

ఏడాది తిరిగేసరికి ఆమె గడపల ముందు మళ్లీ నవ్వులు వినపడ్డాయి. జబ్బు పూర్తిగా పోయిందని ఆమె ఎప్పుడూ అనలేదు. బిడ్డ పుట్టినప్పుడు మళ్లీ తల ఎత్తింది. ఈసారి దాచుకోకుండా, “మళ్లొచ్చింది,” అని దుర్గయ్యతో చెప్పి, తానే దవాఖానాకు పోయింది.

తర్వాత కొన్నేళ్లకు, గాజులమ్మే కమల చేతులు కడిగి కడిగి పుండ్లు చేసుకుందని విని రాజమణి ఆమె ఇంటికి వెళ్లింది. మర్నాడు ఇద్దరూ బస్టాపులో నిలబడ్డారు. బస్సు కడ్డీలు పట్టుకోవాలంటే కమలకు ఒళ్లంతా వణుకు.

“నా కొంగు పట్టుకో,” అంది రాజమణి. “పేడ వాసనొస్తది మరి, ఆలోచించుకో.”

ఎన్నాళ్ల తర్వాతో కమల నవ్వింది. నవ్వుతూనే బస్సెక్కింది.