వరసకు ముందువాడు

ఉరుమి డోలు మోగితే దినకరన్ కాళ్ళు నిలవవు. అలాంటివాడు నెలల తరబడి, పనికోసం చేరిన సింగానల్లూరులో గోడకానుకుని గంజి తాగుతున్నాడు. పెద్దపేగులో పుండ్లు. మందులకు రక్తం ఆగింది, నొప్పి తగ్గింది, మెట్లెక్కితే మాత్రం తొడలు వణుకుతున్నాయి. చిత్తిర నెలలో తేని దగ్గర సొంతూరి తిరునాళ్ళు. తమ కంబళం కులంవాళ్ళు ఆడే దేవరాట్టం ఆటలో వరసకు ముందు నిలిచి అడుగు మార్చేది అతనే. ఈసారి నిలవలేకపోతే ఆ చోటు ఇంకొకడిది.

పథ్యం పెట్టింది అమ్మ చిన్నమ్మాళ్. ఆ ఇంట్లో పథ్యం ఎవరు పెడితే వాళ్ళే విడిపించాలి. జబ్బు తగ్గినా ఆమె విడిపించలేదు, ఇతను నోరు తెరిచి అడగలేదు. లేతు మిషనుమీద ఇనుము చెక్కే మనిషికి అమ్మను గుడ్డు అడగాలంటే భయం.

మందులిచ్చే పీలమేడు డాక్టరు జెబరాజ్‌దీ వీళ్ళలాగే తమిళుల మధ్య తెలుగు మాట్లాడే ఇల్లే. ఇంకా గంజేనని విని చిన్నమ్మాళ్‌ను పిలిపించాడు.

"పప్పు పేగుని కోస్తాది డాక్టరు," అందామె కూర్చుంటూనే.

"పుండు రేగినప్పుడు గంజి సరేమా. ఇప్పుడు వాపు అణిగిండాది. పప్పు, గుడ్డులో ప్రోటీన్ అరిగితే అమైనో ఆమ్లాలు అవుతాయి. పేగు గోడకీ, దానిమీది జిగురుకీ అవే కావాల. వాటిలో ట్రిప్టోఫాన్ అని ఒకటుండాది. పేగులో ఉండే మంచి సూక్ష్మజీవులు దాన్ని మార్చి, గోడ కాచే కణాలకి సైగ చేస్తాయి, కావలి కాయండి, ఊరికే కొట్లాడొద్దని. మీవాడి కడుపులో కావలివాళ్ళు పస్తుండారు."

"లోపల అంతమందుంటే నా గంజి ఏ మూలకి?"

"అదే చెప్తుండాను. మందులు ఆపొద్దు. పప్పు మెత్తగా, కొంచెంతో మొదలుపెట్టు."

ఆ పూటే ఆమె పెసరపప్పు మెదిపి కంచంలో వేసింది. "నేనే విడిపిస్తుండాను, తిను. నొప్పొస్తే దాచినావో, చూడు."

కడుపు కిక్కురుమనలేదు. తర్వాత గుడ్డు, పెరుగు, చేప. దినకరన్ మేడమీద అడుగులు మొదలుపెట్టాడు.

"మేడ కూలితే ఇంటి ఓనరుకి నువ్వే చెప్పుకో," అంది పెళ్ళాం కళైసెల్వి. ఆ మాటకు ఇంకో చుట్టు తిరిగాడు.

తిరునాళ్ళలో గజ్జెలు కట్టుకుని, చేతిరుమాళ్ళు పట్టుకుని వరసకు ముందు నిలబడ్డాడు. ఆట నెమ్మదిగా మొదలై వేగం పుంజుకుంది. కుర్రాళ్ళు ఒక్కొక్కరే పక్కకు తప్పుకుని రొప్పుతున్నారు. అతని అడుగు మాత్రం తప్పలేదు. చివరికి ఉరుమి కొట్టే తంగవేల్ చేతులు విదిలించాడు.

"చాలు మామా, వేళ్ళు మండుతుండాయి."

"నా కాళ్ళకి ఇంకా చాల్లేదురా. కొట్టు."

తంగవేల్ తిట్టుకుంటూ మళ్ళీ అందుకున్నాడు. మిగిలిన వరసంతా దినకరన్ వెనకే తిరిగింది.