డబ్బా కట్టిన రోజు ఎవరూ పోట్లాడలేదు

అది మొదలైంది ఒక మంగళవారం, పొద్దున ఐదూ నలభైకి. కామాఠీపురాలో మా ఒంటిగదుల చాల్ మెట్ల మీద నీళ్ల బిందెతో పడిపోయాను. అరనిమిషంలో లేచాను. వారం తిరక్కుండా మళ్లీ పడ్డాను. వర్లీలో ఉండే కూతురు, కారణం తేలకపోతే గది ఖాళీ చేయించి తన దగ్గరికి తీసుకుపోతానంది.

నాగ్‌పాడాలో డాక్టరు తీసిన ఈసీజీలో ఏమీ కనబడలేదు. గుండె పైభాగంలో కరెంటు పుడుతుందట. అది కిందికి దిగితేనే కింది గదులు కొట్టుకుంటాయట. మా చాల్‌లో నీళ్లొచ్చాయన్న అరుపు కింది నుంచి పైకి పోతుంది. గుండెలో పైనుంచి కిందికి. మధ్యలో ఆగితే మాత్రం రెండుచోట్లా ఎవరూ కదలరు.

నాది ఎప్పుడు ఆగుతోందో పట్టడానికి ఛాతీకి తీగలు అంటించి, నడుముకు చిన్న డబ్బా కట్టారు.

"ఇరవై నాలుగు గంటలు రోజూ చేసే పనులే చెయ్యండి," అన్నాడు డాక్టరు.

తీగలు చూడగానే చాల్ అంతా మంచివాళ్లయిపోయారు. నల్లా దగ్గర పంతొమ్మిదేళ్లుగా నాతో పోట్లాడే ఎదురుగదామె నా బిందె తనే మోసుకొచ్చింది.

"నువ్ కూసో వదినా. కరెంటు మీదున్నవ్, షాక్ గిట్ల కొడ్తది."

"ఎవరికి?"

"నాకే!"

రిపోర్టులో నా గుండె పడుచుపిల్ల గుండెలా ఉంది. కూతురు నా చీరలు సర్దడం మొదలుపెట్టింది.

రోజూ చేసే పని ఆ రోజు ఒక్కటీ చెయ్యలేదని డబ్బా మళ్లీ అడిగి కట్టించుకున్నాను. తెల్లారి నల్లా కింద ఎదురుగదామె బిందెను పక్కకు నెట్టి నాది పెట్టాను.

"పాగల్ అయినవా వదినా? లైన్ నాది!"

"నీ లైన్ తీస్కపోయి దాదర్ల పెట్టుకో."

"అట్లనా? మొయ్యి మరి! నేనైతే ముట్ట."

నిండు బిందెతో మెట్లెక్కాను. రెండో మలుపులో కళ్లకు చీకట్లు కమ్మాయి. వెనకాలే తిట్టుకుంటూ వస్తున్న ఆమె, తిట్లు ఆపకుండానే నన్ను పట్టుకుంది.

రిపోర్టులో అయిదు సెకన్ల ఖాళీ. పైన కరెంటు పుట్టింది, కిందికి అందలేదు.

"బ్రహ్మాండంగా దొరికిందమ్మా!" అన్నాడు డాక్టరు. నేను పడబోయినందుకు అంత సంతోషించిన మనిషిని మళ్లీ చూడలేదు.

మెడ కింది ఎముక దగ్గర, చర్మం లోపల పేస్‌మేకర్ పెట్టారు. పైనుంచి కబురు అందకపోతే కింది గదిని అదే తట్టి లేపుతుంది. అప్పటినుంచి పడలేదు. గది నాకే ఉంది.

పోయినవి: రెండోసారి పడ్డప్పుడు ముందు పళ్లు రెండు. మొదటి డబ్బా పరీక్ష డబ్బులు, దండగ. ఎదురుగదామెతో తగువు, మొత్తం. ఇప్పుడు నన్ను చూడగానే లేచి తన వంతు ఇచ్చేస్తోంది.