అమ్మతోడు వైద్యం

మా చిన్నాయన అబద్ధాలాడతాడని మా అవ్వకు పెద్ద బాధేమీ లేదు. ప్రతి అబద్ధం చివరా గొంతు పట్టుకుని "మాయమ్మతోడు" అనేవాడు, అదీ ఆమె బాధ. మైసూరు దసరాలో మహారాజు అంబారీ మీది నుంచి తనను చూసి నవ్వాడన్నా మాయమ్మతోడే.

"నా ఆయుస్సంతా నీ నోట్లోనే అయిపోతాదిరా!" అని అవ్వ ఒకరోజు పావగడ నుంచి వైద్యుణ్ణి పిలిపించింది.

"చిన్నప్పుడు వస ఎక్కువ పోసినారేమోమ్మా" అన్నాడాయన. అబద్ధమాడినప్పుడల్లా గిన్నెడు చేదు నేలవేము కషాయం తాగించమన్నాడు. మొదటి రోజు ఆరు గిన్నెలు పట్టాయి. ఎనిమిదో రోజు ఒక్కటీ పట్టలేదు.

ఆ ఏడు ఆరుద్ర కార్తె దాటినా చినుకు లేదు. వీధిలోవాళ్లంతా మా పంచలో చేరి విత్తనానికి శనక్కాయలు వలుస్తున్నారు. కషాయం మొదలు కాకముందు చిన్నాయన రోజూ "పక్కన మంగళవాడలో వాన పడినాదప్పా, రేపు మనకే" అనేవాడు. ఎవరూ నమ్మకపోయినా చేతులు మాత్రం చురుగ్గా ఆడేవి.

ఆ ఎనిమిదో రోజు ఒక ముసలాయన అడిగాడు. "ఏమప్పా, మంగళవాడలో వాన పడినాదా?"

"యాడా ల్యాదు మామా. మబ్బు గూడా ల్యాదు."

వలిచే చేతులన్నీ ఆగిపోయాయి. "ఇంగ విత్తేదేముంది, వేయించుకుని తిందాం" అంటూ ముసలాయన తన చేట తీసుకుని లేచాడు.

అవ్వ లోపలికి వెళ్లి, కషాయం కుండ తెచ్చి దిబ్బలో పారబోసింది. వచ్చి కొడుకు ఎదుట కూర్చుంది.

"మంగళవాడలో వాన పడినాదంట గదరా? చెప్పు. నామీద ఒట్టేసి చెప్పు."