బాతుగుడ్లకు కోడి లెక్క

దిల్‌సుఖ్‌నగర్‌ల దాణా దుకాణం ముంగట తడిసిన తవుడు వాసనొస్తే ఇప్పటికీ నా కాళ్లు ఆగుతయి.

తెలంగాణ కొట్లాట రోజులు. మన్సూరాబాద్‌ల మా ఇంట్ల కిరాయికున్న భీమవరం ఆంటీ ఊరికి పోతూ, గంపల పొదుగుతున్న తన బాతును నానమ్మకు అప్పజెప్పింది. మూతి చుట్టూ ఎర్రటి కాయలుండే బాతు అది. అరవదు, బుస్సుమంటది. దానికి తవుడు తడిపి పెట్టుడు నా పని. బందులకు బస్సులాగి ఆంటీ అక్కడ్నే చిక్కుకున్నది.

మూడు వారాలు దాటినా పిల్లలు కాలే. గుడ్లకు సుత బందేమో అనుకున్న నేను.

"మురిగినయి బిడ్డా. కోడైతే ఈపాటికి పిల్లల్ని దింపేది," అని నానమ్మ గుడ్లన్నీ తీసి పెరట్ల గుంతలేసింది. పగిలిన ఒక గుడ్డుల పసుపు నూగు, చిన్న కాలు కనిపించినయి. కాలు కదిలింది, ఆగింది. నానమ్మ మన్ను కప్పింది. నాకు ఏడుపు రాలే.

వారానికి ఆంటీ వచ్చింది.

"వీటికి ఐదు వారాలు పడుతుంది మామ్మగారూ," అంది మెల్లగా.

"కోడి లెక్కనే అనుకున్ననమ్మా."

ఆంటీ వంగి గంపల చూసింది. బాతు ఇంకా ఖాళీ గంపలనే కూసున్నది. దాని కింద చెయ్యి పెట్టి చూసిన. గడ్డి ఎచ్చగనే ఉన్నది.