తెల్లబడ్డావని చెప్పాను

మొదటిసారి కడుపుతో ఉన్నప్పుడు, ఆరో నెలలో, నా ముఖం మీద మంగు మొదలైంది. ముందు కుడి బుగ్గ మీద రూపాయి కాసంత గోధుమరంగు మచ్చ వచ్చింది. పసుపు సరిగా కడుక్కోలేదేమో అనుకుని గట్టిగా రుద్దుకున్నాను. వారం తిరక్కుండా ఎడమ బుగ్గ మీదా వచ్చింది. పురిటికి పుట్టింటికి వెళ్ళేసరికి రెండు బుగ్గలూ, ముక్కు దూలమూ, పైపెదవి మీద చర్మమూ మాడిన అట్టులా అయ్యాయి. కాన్పయితే అదే పోతుందిలే అంది మా అమ్మ. పాప పుట్టింది. పాపకు ఏడాది నిండింది. మంగు పోలేదు.

మాది తెనాలి దగ్గర పల్లె. మా ఆయనకు లింగంపల్లి దగ్గర ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగం. స్టేషనుకు దగ్గర్లో రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకుని ఉండేవాళ్ళం. ఇంటి వెనకంతా బండరాళ్ళ గుట్టలు. బావి రోడ్డుకు అవతల ఉండేది. ఎండలో నాలుగు బిందెలు తెచ్చుకునేసరికి ముఖం మంటెక్కేది. ఆ ఎండే మంగును ముదరబెడుతోందని అప్పుడు నాకు తెలియదు.

మా ఊళ్ళో నన్ను తెల్లపిల్ల అనేవారు. పెళ్ళిచూపులనాడు మా అత్తగారు నన్ను గుమ్మంలోకి రమ్మని, వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసి, ఇంకేమీ అడగకుండానే సరేనంది. ఆవిడే పాప పుట్టినరోజుకు లింగంపల్లి వచ్చి, సంచీ ఇంకా కింద పెట్టకుండానే నా గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తింది.

"ఏంటే అమ్మాయ్, మేం చూసి చేసుకున్న మొహం ఇదేనా?"

నేను తల దించుకున్నాను.

"మంగు మొహానికి పట్టదే, ఇంటికి పడుతుంది. మంగు శని అని ఊరికే అన్నారా?"

మా ఆయన పక్కనే ఉండి, ఆవిడ చేతిలోని సంచీ అందుకుని లోపలికి తీసుకెళ్ళాడు. ఆయన మంచివాడే. నన్ను ఒక్కనాడూ పల్లెత్తు మాట అనలేదు. కానీ ఆ వారమే అందరం ఫోటో తీయించుకోవడానికి వెళ్తే, స్టూడియోలో నా పక్కన నిలబడి మెల్లగా, "పాపను కాస్త పైకెత్తి పట్టుకో" అన్నాడు. ఎత్తి పట్టుకున్నాను. ఆ ఫోటోలో నా సగం ముఖం పాప తల వెనక ఉంటుంది. అత్తగారి మాటకు రానంత ఏడుపు ఆ మాటకు వచ్చింది.

ఆ రోజు నుంచి నాకు ముఖం తప్ప మరో ధ్యాస లేదు. ఎవరు ఏం చెబితే అది పూశాను. ఎర్రచందనం పూశాను, తుంగముస్తలు నూరి పూశాను, బంగాళదుంప రసం రాశాను. జాజికాయను పచ్చిపాలతో అరగదీసి పట్టిస్తే మండలంలో పోతుందని పక్కింటావిడ చెప్పింది. దానికి కాచని పాలు, అప్పుడే పిండినవి కావాలంది. అలా మా పాలామెతో నాకు మాటలు కలిశాయి.

ఆమెది దగ్గర్లోని నల్లగండ్ల ఊరు. రోజూ పొద్దున్నే నెత్తిన పాలబిందె పెట్టుకుని నడిచి వచ్చేది. ఇంచుమించు నా ఈడుదే, అప్పటికే ముగ్గురు పిల్లలు. మూడోవాడు ఇంకా చంటివాడు. పాలు పోసి వెళ్ళిపోవడమే తప్ప అంతకుముందు మేం పెద్దగా మాట్లాడుకున్నది లేదు.

"అప్పుడె పిండినయి ఎందుకక్కా? పాపకా?" అని అడిగింది.

"పాపకు కాదు, నాకే. మొహానికి."

తేరిపార చూసింది. "మంగా? మా వదినెకు గూడ ఉండె. ఫికర్ చెయ్యకు, పోతది తియ్" అని, కొలిచిన పాలు పోశాక మరో దోసెడు నా గిన్నెలో వంచింది. మంగును చూసి ముఖం తిప్పుకోని మనిషి ఆమె ఒక్కతే. పాలు పోశాక కాసేపు అరుగు మీద కూర్చునేది. కూర్చున్నంతసేపూ ఏదో ఒకటి నములుతుండేది. ఏమిటని చూస్తే పచ్చి బియ్యం. ఒకరోజు నా చేటలోంచి కూడా పిడికెడు తీసుకుని నోట్లో పోసుకుంది.

"బియ్యం తింటే పాండురోగం వస్తుందంటారు" అన్నాను నవ్వుతూ.

"ఏమో అక్క, పానం గుంజుతది. బియ్యం లేకుంటె మట్టిగడ్డ తిన బుద్ధయితది."

ఇద్దరం నవ్వుకున్నాం.

నలభై రోజులయ్యాయి. జాజికాయలు అరిగిపోయాయి, మంగు అలాగే ఉంది. అప్పుడే ఓసారి పట్నం వెళ్తే ఒక మందుల దుకాణంలో నా ముఖం చూసి, అడక్కుండానే, ఆ దుకాణం ఆయన సొంతంగా కలిపి ఇచ్చే మలాం ఒక డబ్బా చేతిలో పెట్టాడు. డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే సిగ్గు. ఒంట్లో బాగానే ఉండి ముఖం కోసం వచ్చానని ఎలా చెప్పను? అందుకే ఆ డబ్బా తెచ్చుకున్నాను.

నాలుగు రోజులు చురచుర మండింది. తరవాత పొరలు పొరలుగా పొట్టు లేచింది. మూడు వారాలకు, ఎవరూ నమ్మరు గానీ, నా ముఖం పెళ్ళినాటి ముఖంలా అయింది. అద్దం చేతిలోంచి దించబుద్ధి కాలేదు. మా ఆయన భోజనం చేస్తూ చేస్తూ తలెత్తి నన్ను చూశాడు. ఆ చూపు చాలనిపించింది.

మర్నాడు పాలామె బిందె దించి నోరు తెరుచుకుని నిలబడింది. "అక్కా! గాజుగిలాస లెక్క మెరుస్తుంది నీ మొఖం. ఏం బెట్టినవ్?"

డబ్బా చూపించాను. మూత తీసి వాసన చూసింది. సిగ్గుపడుతూ అంది.

"నా కండ్లు జర చూడక్కా. కింద మసి పూసినట్టయింది. మొన్న మా ఆయన, దయ్యం లెక్కున్నవ్, పొద్దుగాల లేచి నీ మొఖం చూసుడు పరేషానయితుంది అన్నడు. గీ మందు పెడితె పోతదా?"

అప్పుడు చూశాను ఆమె ముఖం. ఇన్నాళ్ళూ అరుగు మీద పక్కన కూర్చోబెట్టుకుని, నా బుగ్గల గురించే మాట్లాడుతూ, ఆమె కళ్ళ కింద చూడనేలేదు. నల్లటి గుంటలు. చెంపల దాకా దిగిన నీడ. పిల్లవాడికి పాలిస్తూ నిద్ర చాలక అయి ఉంటుందనుకున్నాను. నాకు పనిచేసింది ఆమెకు మాత్రం ఎందుకు పనిచేయదు? పాప పౌడరు అయిపోయిన చిన్న డబ్బాలోకి సగం మలాం తీసి ఇచ్చాను. ఎలా రాసుకోవాలో, కంట్లో పడకుండా ఎలా చూసుకోవాలో చెప్పాను. అంత సంతోషంగా నేనెవరికీ ఏదీ ఇచ్చి ఎరగను.

రోజూ ఆమె వచ్చీ రాగానే ముఖం చూసేదాన్ని. కళ్ళ కింద నలుపు అట్లాగే ఉంది. కానీ మిగతా ముఖం రంగు మారడం మొదలైంది. చామనచాయ మనిషి, రోజురోజుకూ పాలిపోతోంది. పెదవులు కూడా తెల్లబడ్డాయి. నాకు అది మందు పనితనంగా కనిపించింది.

"చూశావా, తెల్లబడ్డావు!" అన్నాను ఒకరోజు.

"నిజంగనా అక్కా?"

"నిజంగానే. అద్దంలో చూసుకో కావాలంటే."

లోపలికి పిలిచి అద్దం ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసుకుంది. నవ్వింది. చిగుళ్ళు కూడా తెల్లగా ఉన్నాయి. అదీ చూశాను. చూసి కూడా నాకేమీ తోచలేదు.

తరవాత ఆమె రావడం ఆలస్యమయ్యేది. గేటు దగ్గర బిందె దించి, గోడ పట్టుకుని కాసేపు నిలబడేది. ఎండలు కదా, అలసట అనుకున్నాను. తొలకరి పడిన వారంలో ఒక పొద్దున బిందె చప్పుడు వినిపించింది. వెళ్ళి చూస్తే గుమ్మం ముందు పాలన్నీ పారి ఉన్నాయి. ఆమె మధ్యలో పడి ఉంది. మొహాన నీళ్ళు చల్లితే కళ్ళు తెరిచి, "పాలు ఒలికినయా అక్కా?" అని అడిగింది.

కర్మాగారం దవాఖాన ఉద్యోగుల కుటుంబాలకే. అయినా మా ఆయన బతిమాలితే లేడీ డాక్టరు చూసింది. ఆవిడ నాడి పట్టుకోలేదు, నాలుక చూపించమనలేదు. ముందుగా బొటనవేలితో ఆమె కింది రెప్ప కిందికి లాగింది. లోపల ఎర్రగా ఉండాల్సిన చోట కాగితంలా తెల్లగా ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి రక్తం పోతోంది?" అని అడిగింది.

పాలామె నా వైపు చూసి తల వంచుకుంది. "చిన్నోడు పుట్టినకాడికెల్లి. ఏడు నెలలాయె."

"ఇన్నాళ్ళా అమ్మా! ఎవరికీ చెప్పలేదా?"

"గిది ఏం చెప్తమమ్మా? ఆడోళ్ళకు ఉండేదే అనుకున్న."

ఏడు నెలలు. అందులో నాలుగు నెలలు ఆమె రోజూ నా పక్కన కూర్చుంది.

పట్నంలో పెద్ద దవాఖానకు తీసుకెళ్ళమనీ, రక్తం ఎక్కించాలనీ డాక్టరు చెప్పింది. ఆమె భర్తకు కబురు పంపితే వచ్చాడు. రక్తం ఇవ్వాలంటే బెదిరిపోయాడు. "రక్తమిస్తె ఇగ నాగలి పట్టగలనా సార్? విత్తనాలు ఏసే దినాలు" అన్నాడు. చెడ్డవాడని అనలేను. తలపాగా విప్పి చేతుల్లో నలుపుకుంటూ నిలబడ్డాడు. చివరకు మా ఆయన ఇచ్చాడు. ఆయన రక్తం సరిపోయింది. రెండు రోజులు బాగానే ఉందనుకున్నాం. మూడోరోజు ఊపిరి అందక ప్రాణం పోయింది. గుండె ముందే బాగా అలిసిపోయిందనీ, నెలల క్రితమే రావాల్సిందనీ చెప్పారు.

పదోరోజున నల్లగండ్ల వెళ్ళాను. వాకిట్లో ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. చంటివాడు ఎవరి ఒళ్ళోనో ఉన్నాడు. ఆమె అత్తగారు నన్ను చూడగానే లేచి వచ్చి నా చేతులు పట్టుకుంది.

"గీ అమ్మనే మా కోడలికి మందిచ్చింది. పొయ్యేముంగట ఎంత తెల్లగైండెనో! దొరసాని లెక్క ఉండె."

ఆడవాళ్ళంతా నన్ను చూశారు. వాళ్ళ చూపుల్లో కోపం లేదు. గౌరవం ఉంది. మూలన కూర్చున్న ఒక అమ్మాయి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఇంక ఉన్నదా అమ్మా ఆ మందు?" అని మెల్లగా అడిగింది. లేదని చెప్పి లేచి వచ్చేశాను. పట్టాల వెంట నడిచి ఇంటికి ఎలా చేరానో గుర్తులేదు.

మలాం రాయడం మానేశాను. నెల తిరక్కుండా మంగు తిరిగి వచ్చింది. ఈసారి నుదుటి మీదికి కూడా పాకింది, మునుపటి కంటే నల్లగా. చర్మం ఎంత పల్చబడిందంటే పొయ్యి దగ్గర కూర్చున్నా మండేది. మా ఆయనే బలవంతాన చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. పెద్దాయన, నెమ్మదస్తుడు. భూతద్దం పెట్టి చూసి నిట్టూర్చాడు.

"కడుపుతో ఉన్నప్పుడు వచ్చే మచ్చే ఇది. ఎండ తగలకుండా చూసుకుంటే కొంత తగ్గి ఉండేది. ఆ మలాం చర్మాన్ని కాల్చేసింది. ఇంకెవరికీ ఇవ్వలేదు కదా?"

ఇవ్వలేదని చెప్పాను.

ఆ మలాం ఆమెను చంపలేదు. అది నాకు తెలుసు. ఆమె కళ్ళ కింద నలుపు ఏదో చెబుతుంటే, దాని మీద తెల్లగా పూయమని ఇచ్చాను, అంతే. పాలిపోతుంటే మెచ్చుకున్నాను. మెచ్చుకున్నాను కాబట్టి, బాగైపోతున్నానని ఆమె ఇంకో రెండు నెలలు ఊరుకుంది.

మేం క్వార్టర్స్‌కి మారేదాకా ఇంకో ఆరేళ్ళు ఆ ఇంట్లోనే ఉన్నాం. పాలు మరొకరు పోసేవారు. నేను తలుపు చాటు నుంచి గిన్నె చాపి తీసుకునేదాన్ని. నా మచ్చలు కనిపిస్తాయని కాదు. అవతలి ముఖం చూడాలంటే భయం.

ఒక్కసారే మా ఆయనతో చెప్పబోయాను. వరండాలో పేపరు చదువుతున్నాడు.

"ఏమండీ, ఆ రోజు తెల్లబడ్డావని నేనే చెప్పాను ఆమెకు."

"నీకేం తెలుసు? నువ్వు డాక్టరువా?" అన్నాడు, ఓదార్పుగానే. పేజీ తిప్పాడు.

నేను లోపలికి వెళ్ళి పొయ్యి వెలిగించాను.